అన్నయ్య గొంతు

ఆమె దగ్గరికి ఎక్కువగా భయస్తులే వచ్చేవారు. వేరే డ్రైవింగ్ స్కూళ్ళలో నాలుగు రోజులు తిరిగి, స్టీరింగు పట్టుకోగానే చెమటలు పట్టి, ఇది మనవల్ల అయ్యే పని కాదనుకుని మానేసినవాళ్ళకి ఎవరో ఒకరు ఆమె ఫోన్ నంబరు ఇచ్చేవారు. ఆమెది ఒకే ఒక్క కారు. పక్క సీటు దగ్గర ఆమె కాళ్ళకి అందేలా ఇంకో క్లచ్చి, ఇంకో బ్రేకు ఉండేవి. ఎవరి చేతిలో బండి ఆగిపోయినా ఆమె అనే మాట ఒకటే: "ఆగింది, అంతే. అందరికీ ఆగుతుంది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టండి." వెనకాల లారీ హారను చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా ఆమె గొంతు పెరిగేది కాదు. భయస్తుల టీచరని పేరు పడిపోయింది.

ఆ టీచరు తనతో తాను ఎలా బతుకుతోందో శిష్యులెవరికీ తెలియదు.

పాఠం అయిపోయి, నేర్చుకునేవాళ్ళు దిగిపోయి, ఇంజను ఆపాక కారులో ఒక నిశ్శబ్దం కమ్ముకునేది. బానెట్ కింద ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. అప్పుడు వెనక సీటులో ఎవరో గొంతు సవరించుకునేవారు. ముందు చిన్న దగ్గు, దాని వెనకే మాట.

"మొద్దూ! ఆ మలుపు దగ్గర అద్దం చూడమని చెప్పావా? చెప్పలేదు. రేపు వాడు ఎవరి మీదకో ఎక్కించేస్తాడు. ఆ పాపం ఎవరిది?"

ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఖాళీ సీటే ఉంటుందని తెలుసు. తెలిసినా ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకునేవి.

అది అన్నయ్య గొంతు. అలాగని అన్నయ్య పోలేదు. ఊరికి ఆ చివర ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో వదినతో కాపురం ఉంటున్నాడు. గొంతు మాత్రం ఎన్నో ఏళ్ళుగా చెల్లెలి దగ్గరే మకాం పెట్టింది.

తండ్రి పోయేనాటికి ఆమె పాలు తాగే పిల్ల. తల్లి పోయేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు, అన్నయ్యకి పద్దెనిమిది. అన్నయ్య చదువు మానేసి గాజుసీసాల ఫ్యాక్టరీలో చేరాడు. తెల్లగా వెలిగే పెద్ద పలక ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని, బెల్టు మీద వరసగా కదిలిపోయే సీసాల్లో బుడగ ఉన్నదాన్ని, పగులున్నదాన్ని, మెడ వంకరపోయినదాన్ని కనిపెట్టి, తీసి వెనక తొట్టిలో పడెయ్యడం అతని పని. రోజంతా తప్పులు వెతికిన కళ్ళతోనే సాయంత్రం ఇంటికొచ్చి చెల్లెలి లెక్కల పుస్తకం తెరిచేవాడు. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. తిండికీ బట్టకీ లోటు రానివ్వలేదు. గొంతు సవరించుకుని, "మొద్దూ, ఇక్కడ చూడు" అనేవాడు, అంతే. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని చూపు తనని ఆ వెలుగు ముందు పెట్టి తిప్పి చూస్తున్నట్టుండేది. ఇంకాసేపటికి తనని కూడా మెడ పట్టుకుని తొట్టిలో పడేస్తాడేమోనని ఆ పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చునేది.

కారు నడపడం నేర్పిందీ అతనే. సెలవునాడు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో, పాత వ్యానులో నేర్పాడు. ఒకరోజు ఆమె రివర్సు గేరులో తడబడి, మనిషెత్తున పేర్చిన సీసాల పెట్టెల మీదకి వ్యానుని ఎక్కించేసింది. దొంతర దొంతరంతా కూలిపోయింది. అన్నయ్య "మొద్దూ!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ తరవాత పొద్దుగూకేదాకా ఒక్క మాట లేదు. ఒక్కడే గాజుపెంకులు ఊడ్చాడు. ఆమె చీపురు అందుకోబోతే చేత్తో పక్కకి నెట్టేశాడు. అతని అరచెయ్యి తెగి నెత్తురు కారుతోంది. ఆమె వ్యాను మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. గొంతు ఆరోజే ఆమెలోకి దిగిందో, అంతకుముందే దిగి ఆరోజు నుంచి పైకి మాట్లాడ్డం మొదలుపెట్టిందో ఆమెకి తెలియదు.

ఆమెకి పెళ్ళయింది, నిలవలేదు. భర్త చెడ్డవాడేం కాదు. "ఈ ఇంట్లో మనిద్దరమే ఉన్నామా, ఇంకెవరైనా ఉన్నారా?" అని మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. అతను ఏదైనా బాగుందని మెచ్చుకుంటే, వెనకనుంచి ఎవరో కాదంటున్నట్టు ఆమె చెవి అటు పెట్టేది. కొన్నాళ్ళకి అతను నవ్వడం మానేశాడు. ఆపైన వెళ్ళిపోయాడు. టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఒక్కతే అని కూడా అనడానికి లేదు.

ఇలా ఉండగా అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే స్నానాల గదిలో పడిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. నడక కొంత తిరిగొచ్చింది గానీ మాట పూర్తిగా పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది తెలుసు, నోరు తెరిస్తే మాత్రం "ఆ... ఆ..." అన్న చప్పుడే. మాటలు లోపలే ఉన్నాయనీ, బయటికొచ్చే దారి మూసుకుపోయిందనీ డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పూట వదినని ఇంటికి పంపించి టీచరు అతని మంచం పక్కన కూర్చునేది. ఒకనాడు కిటికీలో వెలుతురు తగ్గుతోంది. పక్క మంచాల వాళ్ళు కునుకు తీస్తున్నారు. అన్నయ్య కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు. అప్పుడు దగ్గు వినిపించింది. ఆ వెనకే మాట.

"మొద్దూ! పోయినసారి ఇంటికొచ్చినప్పుడు చెయ్యి తిమ్మిరెక్కుతోందని చెప్పాడా లేదా? విన్నావా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా?"

ఆమె గభాలున అన్నయ్య పెదాల వంక చూసింది. అవి కదల్లేదు. ఒక పక్కకి జారి, తడిగా, ఊరికే ఉన్నాయి. ఆమె అలాగే చూస్తూ ఉండగానే గొంతు మళ్ళీ మాట్లాడింది. ఇంతకుముందెప్పుడూ లేనంత దగ్గరగా, చెవిలో నోరు పెట్టినట్టు.

ఆ సాయంత్రం ఆమెకి ఒక ఆలోచన పుట్టింది. పుట్టాక మరి వదల్లేదు. అన్నయ్య గొంతు అన్నయ్యని విడిచిపెట్టి మొత్తానికి మొత్తం తన దగ్గరికే వచ్చేసింది. ఇన్నాళ్ళూ సగం అక్కడ, సగం ఇక్కడ ఉండేది. ఇప్పుడు దాన్ని తనే పట్టుకుని కూర్చుంది. తను వదిలితే గానీ అతనికి మాట రాదు. ఎలా వదలాలో తెలియదు. ఇది పిచ్చి ఆలోచనని ఆమెకి తెలుసు. పిచ్చిదని తెలిసినా గుండెల్లోంచి దిగలేదు.

ఇంటికి పంపించాక వారానికి రెండుసార్లు మాట నేర్పే క్లాసుకి తీసుకురమ్మన్నారు. ఆ పని టీచరు తన మీద వేసుకుంది. అన్నయ్యని పైకి పంపి, తను ఆసుపత్రి కింద పార్కింగులో కారులోనే కూర్చునేది. అక్కడ పగలు కూడా ట్యూబులైట్లే. వరసగా స్తంభాలు, వాటి మీద పచ్చ రంగు నంబర్లు, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. గొంతుకి ఆ చోటు బాగా నచ్చినట్టుంది. క్లాసు అయ్యేదాకా ఆపేది కాదు. అన్నయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి వెనక సీటులో కూర్చోగానే మాత్రం టక్కున నోరు మూసేది. ఇంటిదాకా ఇద్దరూ మాట్లాడుకోకుండా వెళ్ళేవారు. అద్దంలో అతని మొహం చూడాలంటే ఆమెకి భయం వేసేది.

ఆ రోజుల్లో ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో పూలకొట్టు ఆవిడ ఒకరు. యాభై దాటిన మనిషి. భర్తకి చూపు మందగించడంతో, పూలబుట్టలు వేసుకెళ్ళే వ్యాను తనే నడపాల్సి వచ్చింది. బండితో కబుర్లు చెప్పేది. "కదులు తల్లీ, నా పరువు తియ్యకు" అని బతిమాలేది. కదిలితే "బంగారుకొండ" అని డాష్‌బోర్డు తట్టేది. ఎత్తు మీద బండి ఆగితే మాత్రం ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఆసుపత్రికి పోయే దారిలో వంతెన ఎత్తు ఉంది కాబట్టి, అన్నయ్యని తీసుకొచ్చే రోజున ఆ దారిలోనే నేర్చుకుంటానంది. టీచరు ఒప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ స్టీరింగు దగ్గర, టీచరు పక్కన, అన్నయ్య వెనక కూర్చున్నారు. వంతెన ఎత్తు మీద సిగ్నలు పడింది. వెనకాల బస్సు వచ్చి అంటుకున్నంత దగ్గరగా ఆగింది. పచ్చ లైటు వచ్చింది. ఆవిడ క్లచ్చి ఒక్కసారిగా వదిలేసింది. బండి ఒక ఊపు ఊగి ఆగిపోయింది. ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బస్సు హారను మోగింది.

"చూస్తావేం మొద్దూ! వెనకున్న వాణ్ణి కూడా చంపేస్తావా?" అంది లోపలి గొంతు.

టీచరు తన బ్రేకు తొక్కింది. బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎప్పటిలా ఊపిరి పీల్చుకోమని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ ముందు చిన్న దగ్గు వచ్చింది. ఆ వెనక, ఆమెది కాని గొంతుతో, బొంగురుగా, మగవాడి కేకలా మాట వచ్చింది.

"మొద్దూ! తలకాయ ఎక్కడ పెట్టుకున్నావ్? కళ్ళు లేవా నీకు?"

పూలకొట్టు ఆవిడ ఆమె వంక నోరు తెరుచుకుని చూసింది. టీచరు ఏనాడూ 'మీరు' తప్ప అనని మనిషి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హ్యాండ్ బ్రేకు లాగి, తలుపు తీసుకుని దిగి, "నేను నడిచెళ్తాను లెండి" అని వంతెన అంచున నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనకాల ఇంకా నాలుగు బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి.

టీచరు ఇటువైపు వచ్చి స్టీరింగు పట్టుకుంది. అప్పుడు అద్దంలో అన్నయ్య మొహం కనబడింది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఎడమచేత్తో తన నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు, ఆ కేక తన నోట్లోంచే వచ్చిందేమోనన్నట్టు.

ఆ తరవాతి క్లాసుకి వెళ్ళినప్పుడు ఆమె పార్కింగులో కూర్చోలేకపోయింది. అన్నయ్యతో పాటే పైకి వెళ్ళింది. మాట నేర్పే అమ్మాయి చిన్నది, చురుకైనది. "మీరొస్తే ఇంకా మంచిది, కూర్చోండి" అని కుర్చీ వేసింది. బల్ల మీద బొమ్మల కార్డులు పరిచింది. చెంచా, పిట్ట, తాళంచెవి, గొడుగు.

"ఇదేంటండీ?" అని తాళంచెవి చూపించింది.

అన్నయ్య నోరు తెరిచాడు. నుదురు ముడుచుకుంది, మెడ నరాలు తేలాయి. "ఆ... ఆ..." అన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. కార్డు వంక చూస్తున్న అతని చూపు టీచరుకి బాగా తెలుసు. వెలిగే పలక ముందు కూర్చున్న చూపు. అంతలో అతను చిన్నగా దగ్గాడు. ఎడమ అరచేత్తో తన నుదురు మీద ఠపీమని కొట్టుకున్నాడు.

"మొద్దు!" అన్నాడు.

మాట స్పష్టంగా, నిండుగా, పాత గొంతుతో వచ్చింది. ఆ గొంతు టీచరుకి చెవి లోపలినుంచి కాకుండా బయటినుంచి వినబడి చాలా కాలమైంది.

మాట నేర్పే అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మాట వచ్చిందండీ! తిట్టయితేనేం. నోటికి బాగా అలవాటైన మాట ముందొస్తుంది. ఇష్టమైన మాటే రానక్కర్లేదు, అరిగిపోయిన మాట వస్తుంది." తరవాత నవ్వుతూ అడిగింది, "ఎవర్ని ఇలా తిడుతూ ఉండేవారు ఈయన?"

"నన్నే" అంది టీచరు.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని వంక చూసింది. అతను మళ్ళీ గట్టిగా తల ఊపి, చూపుడువేలు తన గుండె మీద పెట్టుకున్నాడు. ఒకసారి పెట్టి ఊరుకోలేదు. పొడుస్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని కిందికి దించాల్సొచ్చింది.

ఇంటికి తీసుకెళ్ళి దింపాక టీచరు వంటింట్లోకి వెళ్ళింది. వదిన కూరగాయలు తరుగుతోంది. జరిగింది చెప్పింది.

"ఇందులో కొత్తేముంది?" అంది వదిన. "గడ్డం గీసుకుంటూ అద్దంలో తనని తనే తిట్టుకునేవాడు. నిద్రలో కూడా అంతే. పెళ్ళయిన కొత్తలో అది నన్నే అనుకుని వారం రోజులు ఏడ్చాను తెలుసా? తరవాత చూస్తే నేను గదిలో లేనప్పుడు కూడా అదే పాట."

"ఏమని తిట్టుకునేవాడు?"

"ఏముంటుంది? మొద్దూ, పిల్లకి జ్వరమొస్తే గమనించలేదే. మొద్దూ, ఇంత ఆలస్యమైంది, అది ఒక్కతే ఉంటుందే. ఎక్కువ నీ గొడవే. నువ్వు పెద్దదానివయ్యాక కూడా మానలేదు. ఆ సీసాలు పగిలిన కథ అయితే ఎన్నిసార్లు విన్నానో. అంత గాజు దగ్గర చిన్నపిల్లకి బండి ఇచ్చాను, దానికేమైనా అయ్యుంటే, అని."

టీచరు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేం వదినా?"

"నీకు తెలుసనుకున్నానమ్మాయ్. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు కదా." వదిన కత్తి పక్కన పెట్టి ఆమె మొహం చూసింది. "ఏమైంది? ఎందుకలా ఉన్నావు?"

"ముందు ఎవరన్నారు అన్నయ్యని అలా? నాన్నా?"

"ఎవరికి తెలుసు? నేనడగలేదు. అడిగినా చెప్పే మనిషా?"

ఇది తెలిశాక ఆమెకి ఊరట కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. అతని బరువు అతను మొయ్యకుండా తన నెత్తిన కూడా పెట్టాడు, అందులో సగం తనదే అనుకుని తను ఇన్నేళ్ళూ నడుం వంచుకుని నడిచింది, భర్తని పోగొట్టుకుంది, పూలకొట్టు ఆవిణ్ణి నడిరోడ్డు మీద ఏడిపించింది. కొన్నాళ్ళు అన్నయ్యని దింపడం, తీసుకురావడం యంత్రంలా చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. అతనూ అద్దంలో ఆమె చూపు తప్పించుకునేవాడు. ఒకే గొంతుని ఇద్దరూ, ఒకే కారులో, ఎవరికి వాళ్ళు వింటూ కూర్చునేవారు. ఆ ప్రయాణాల కన్నా భయంకరమైనవి ఆమె జీవితంలో లేవు.

ఒకరోజు క్లాసు అయ్యాక పార్కింగులో లిఫ్టు దిగి వస్తుంటే అన్నయ్య చేతిలో కర్ర జారి పడింది. వంగబోయాడు. ఆమె పట్టుకునేలోపే తూలి స్తంభానికి చేరగిలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. కానీ చెయ్యి పైకి లేచింది. నుదురు మీద కొట్టుకున్నాడు.

"మొద్దు. మొద్దు. మొద్దు. మొద్దు."

ఆ మాట ఆగలేదు. గాడిలో పడ్డ చక్రంలా తిరుగుతూనే ఉంది. ప్రతి మాటకీ ఒక దెబ్బ. కార్ల దగ్గరున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు. సరిగ్గా అదే సమయంలో ఆమె లోపల కూడా మొదలైంది. కర్ర నువ్వెందుకు పట్టుకోలేదు మొద్దూ, పక్కన నడిస్తే నీ సొమ్మేం పోయింది మొద్దూ. బయట ఒకటి, లోపల ఒకటి. రెండూ ఒకే గొంతు. స్తంభాల మధ్య ఆ మాట తగిలి తిరిగొస్తుంటే ఏది ఎక్కడినుంచి వస్తోందో ఆమెకి తెలియలేదు. చెవులు మూసుకోవాలనిపించింది.

మూసుకోకుండా అతని చెయ్యి పట్టుకుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఎన్నేళ్ళుగానో పక్కవాళ్ళకి చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చింది.

"ఆగింది, అంతే. అందరికీ ఆగుతుంది. ఊపిరి పీల్చుకో అన్నయ్యా. మళ్ళీ మొదలుపెడదాం."

అతను ఇంకో రెండుసార్లు అన్నాడు. తరవాత దీర్ఘంగా ఊపిరి పీల్చాడు. ఆమె కూడా పీల్చింది. ఆ ఊపిరిలో, లోపలి గొంతు ఇంకా అంటూనే ఉండగా, ఆమె మొదటిసారి దాన్ని భయపడకుండా విన్నది. ఇన్నేళ్ళలో దాని మాటలే విన్నది గానీ గొంతు వినలేదు. ఎదురుగా స్తంభానికి ఆనుకుని ఉన్న ఈ అరవై దాటిన మనిషి గొంతు కాదది. ఇంకా సరిగ్గా ముదరని గొంతు. చివర్లో కాస్త వణుకుతోంది. పద్దెనిమిదేళ్ళవాడు. ఇంట్లో తల్లి లేదు, పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల, ఆ పిల్లకి ఏం జరిగినా తననే అడుగుతారు. వాడు కోప్పడటం లేదు. భయపడుతున్నాడు. ఎప్పుడూ భయపడుతూనే ఉన్నాడు. తను వాడికన్నా ఎంతో పెద్దది ఇప్పుడు. తన దగ్గరికి వచ్చే భయస్తుల్లో వాడి వయసువాళ్ళు ఎంతమందో.

అది తట్టగానే ఆమెకి ఏడుపొచ్చింది. పార్కింగులో, అందరూ చూస్తుండగా, అన్నయ్య చెయ్యి పట్టుకునే ఏడ్చింది. అతను పట్టు తప్పిన కుడిచేత్తో ఆమె వీపు తట్టబోయి, బలం చాలక, అలాగే భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

మర్నాడు పూలకొట్టుకి వెళ్ళింది. ఆవిడ ఆమెను చూసి కూడా చూడనట్టు చామంతులు నీళ్ళల్లో పెడుతూ చాలాసేపు నిలబెట్టింది. టీచరు ఏ సాకూ చెప్పకుండా, "నేను మిమ్మల్ని అలా అనకూడదు. తప్పు నాది" అంది.

"నాకు తిట్లు కొత్త కాదు లెండి. మా అత్తగారు తిట్టి తిట్టి తినేసేది. కానీ మీరంటే తట్టుకోలేకపోయాను." ఆవిడ చేతులు తుడుచుకుంది. "అసలు అది మీ గొంతే కాదండీ. హడలిపోయాను. ఎవరిదండీ అది?"

"మా అన్నయ్యది."

"వెనకాల కూర్చున్నాయనా? పాపం, ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు కదా!"

"అవును. అందుకే నేను మాట్లాడానేమో."

ఆవిడకి అర్థం కాలేదు, అయినా నవ్వింది. "సర్లెండి. రేపు రండి. ఆ వంతెన సంగతి తేల్చుకోవాలి." అది తేలడానికి చాలా రోజులే పట్టింది. కానీ తేలింది. ఇప్పుడావిడ పూలవ్యాను ఎత్తు మీద ఆగినా ఎవరికీ గుండెలు జారడం లేదు.

గొంతు పోలేదు. పోతుందని టీచరు అనుకోవడం కూడా మానేసింది. ఇప్పటికీ ఇంజను ఆపాక వెనక దగ్గు వినబడుతుంది. కొన్నాళ్ళు ఆమె ఊరికే చెవి ఒగ్గి విన్నది, ఇంట్లో పెద్దవాళ్ళు సణుగుతుంటే పూర్తయ్యేదాకా ఆగినట్టు. తరవాత్తరవాత జవాబు చెప్పడం అలవాటైంది. "విన్నాను నాయనా. నాకేం కాదులే, చూసుకుంటాను" అంటుంది పైకే. సిగ్నలు దగ్గర పక్క బళ్ళవాళ్ళు ఆమె ఫోనులో మాట్లాడుతోందనుకుంటారు. కొన్ని రోజులు జవాబు వినగానే సద్దుమణుగుతుంది. కొన్ని రోజులు మణగదు. అలాంటి రోజుల్లో ఇంకా ఒళ్ళు గగుర్పొడుస్తుంది, పక్క మీద దుప్పటి తల మీదకి లాక్కుంటుంది. అయినా అది ఎవరిదో ఇప్పుడు తెలుసు. తెలిసిన మనిషి గొంతు చీకట్లో వినబడితే ఉలిక్కిపడతాం గానీ పారిపోం కదా.

అన్నయ్యకి మాటలు ఒక్కొక్కటే, వాటికి ఇష్టం వచ్చిన వరసలో వస్తున్నాయి. నీళ్ళు కావాలంటే కిటికీ అంటాడు. వదిన కిటికీ తెరిచి, నీళ్ళు కూడా ఇస్తుంది.

మొన్న వర్షాల్లో ఒక సాయంత్రం టీచరు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళింది. అపార్ట్‌మెంటు గేటు లోపల మలుపు ఇరుకు. అద్దాల మీద నీళ్ళు. ఎలా తిప్పిందో తిప్పింది, కారు పక్కభాగం స్తంభానికి రాసుకుని కీచుమంది. ఇంత అనుభవం ఉన్న టీచరు, అన్నయ్య ఇంటి ముందు! గొంతు ఊరుకుంటుందా? మొదలుపెట్టింది. ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వర్షం పైన దబదబా కొడుతోంది. ఈసారి ఏ జవాబూ తోచలేదు.

చాలాసేపటికి కిటికీ మీద ఎవరో తట్టారు. చప్పుడు విని అన్నయ్య కిందికి దిగొచ్చాడు. గొడుగు లేదు, కర్ర ఒక్కటే.

"తడిసిపోతున్నావు, పైకి పద" అంటూ ఆమె దిగింది.

అతను వినలేదు. కారు చుట్టూ తిరిగి గీసుకున్న చోటికి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ఎడమచేతి బొటనవేలితో ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా నెమ్మదిగా రాసి చూశాడు. చిన్నప్పటిలా ఆమెకి ఊపిరి ఆగింది. అతను దగ్గాడు. నోరు తెరిచి మాట కోసం వెతుకుతున్నాడు. ఆమె అందించలేదు. వెతుక్కోనివ్వమని మాట నేర్పే అమ్మాయి చెప్పింది.

"చిన్న..." అన్నాడు అన్నయ్య.

మిగతాది రాలేదు. మళ్ళీ, "చిన్న... చిన్న..." అన్నాడు. గీత చిన్నదేలే అంటున్నాడో, నువ్వింకా చిన్నదానివేలే అంటున్నాడో ఆమెకి తెలియలేదు. అడిగితే తల ఊపి చెప్పేవాడే. ఆమె అడగలేదు.

"భోజనాలు చల్లారిపోతున్నాయి! వానలో ఏంటి మీ అన్నాచెల్లెళ్ళ ముచ్చట్లు?" అని పైనుంచి వదిన కేకేసింది.

"వస్తున్నాం వదినా!" అని ఆమె అన్నయ్య మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్ల వైపు నడిచారు. లిఫ్టు పని చెయ్యడం లేదు. అంతస్తు అంతస్తుకీ ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ, మెల్లగా ఎక్కారు.